చింగ్, చింగ్ చిక

గుదైబియా గదిలో నా పక్క మంచం జకరయ్యది.
పగలు హోటల్ స్టోర్‌లో చక్కెర మూటలు లెక్కపెట్టేవాడు,
రాత్రి సత్తు డబ్బా మూత మీద
వేళ్ళతో ఏదో వెతుక్కునేవాడు.

ఊరు గుంతకల్లు. నాయన రైల్వేలో
ఆగిన బండి కిందికి వంగి
సుత్తితో ఒక్కో చక్రం తట్టేవాడట.
ఖంగుమంటే మంచిది,
బొద్దుమంటే పగులు.
"కొట్టేది కాదు అబ్బీ, తట్టేది.
తట్టి, వినేది."

యుద్ధకాలంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
దొరల డాన్సులకు కుర్చీలు సర్దే పిల్లోడు.
డ్రమ్మర్ రోజారియో మలేరియాతో పడుకున్న రాత్రి
వాడి చేతికి పుల్లలొచ్చాయి,
మళ్ళీ ఎవరూ అడగలేదు.

తర్వాత ఓడ. అవాలీ. చమురు కంపెనీ క్లబ్బు.
గురువారం రాత్రి తెల్లకోటు, నల్ల బో,
పదకొండు మందిలో వెనక వరస, ఆఖరి మనిషి.
"జనం చూసేది బాకాల వైపే,
అడుగులేసేది మాత్రం నా మీద."
లోపలికి వంటింటి దారి, బయటికీ అదే.
బాధేం లేదన్నాడు,
వంటింట్లో రొయ్యలు మిగిలేవట.

తాళం ఎట్లుండేదంటే పెదాలతోనే
చింగ్, చింగ్ చిక, చింగ్, చింగ్ చిక
ఆ చిక కాస్త ఆలస్యంగా రావాల,
చెప్పు తెగినోడు ఇసకలో కుంటినట్టు,
కానీ సంతోషంగా.

గిటార్లకు కరెంటొచ్చింది.
పదకొండు మంది ఐదుగురు, ఐదుగురు ముగ్గురు.
మనామా బార్‌లోకి చివరికొక పెట్టె వచ్చింది,
మీట నొక్కితే డ్రమ్ములు.
"ఒక్క తప్పూ చెయ్యదు, పాపం.
దానికి వినపడదు కదా."
నలభై దినార్లకు ఫిలిప్పీన్ కుర్రాడికి అన్నీ అమ్మేసి
తీగల బ్రష్షులు రెండు మాత్రం
పరుపు కింద దాచుకున్నాడు.

ఆగస్టులో ఏసీ ఆగిన రాత్రి
లేచి, దాని డొక్కలో వేలితో తట్టి
"పోయింది," అని మళ్ళీ పడుకున్నాడు.
మెకానిక్ మర్నాడు గంటసేపు చూసి అదే చెప్పాడు.

సల్మానియా ఆసుపత్రిలో డాక్టరు
రెండు వేళ్ళతో రొమ్ము తట్టి చూస్తుంటే
కళ్ళు మూసుకుని తనూ విన్నాడు.
ఏమందని నేనడగలేదు.

బ్రష్షులు నాకిచ్చాడు. నాకు వాయించడం రాదు.
లాండ్రీలో ఉన్నికోట్ల మీది నూగు దులుపుతాను,
ఉష్, ఉష్, ఉష్
ఎప్పుడైనా ఒకటి కాస్త ఆలస్యంగా పడుతుంది.
పెషావరు మేస్త్రీ ఇస్త్రీ పెట్టె ఎత్తిపట్టుకుని
ఇటు చూస్తాడు.