దొడ్డి గడియ

ఆ కథ చదివిన ప్రతిసారీ
మా పాస్టరుగారు పందుల దగ్గర గొంతు తగ్గించేవారు.
ఒడియాలో చదివి, మాకోసం తెలుగులో చెప్పి,
"అంత నీచానికి దిగజారాడు" అనేవారు.
ముందు చాప మీద మా అయ్య
తల దించుకుని గోళ్ళలో మట్టి తీసుకునేవాడు.

మా పేటలో పందులు పాపం కాదు.
నా కుట్టు మిషను ఒక ఆడపంది.
తమ్ముడి పదో తరగతి రెండు పిల్లలు.
అమ్మ ఆపరేషను ఒక ఈత మొత్తం.

పదేళ్ళప్పుడు వాడు లేచి అడిగాడు:
"పందులేటి తప్పు సేసాయి సార్?
ఆకలేసినోడికి అయ్యే కదా సోటిచ్చాయి?"
చింతబరిక వాడి వీపు మీద జవాబు రాసింది.
ఆ తర్వాత గంట మోగితే చాలు
వాడు వంశధార ఇసకలోకి పోయేవాడు.

బళ్ళో లోకనాథం, గుళ్ళో ఎలీషా.
ఇరవయ్యేళ్ళకి రెండో పేరు
అయ్య ముందు పడేసి,
"దీనికి ఉద్యోగం రాదు, నాకొద్దు" అన్నాడు.
నా మిషను తాకట్టు పెట్టి
ఆ డబ్బుతో సూరత్ పోయాడు.

తొమ్మిదేళ్ళు.
అయ్య రోజూ గుణుపురం స్టేషనుకి వెళ్ళేవాడు,
తవుడు కొనడానికని చెప్పి.
తవుడు కొట్టు మా వీధి చివరే ఉంది.

మొన్న వానల్లో దిగాడు.
ఎడంచేతికి రెండు వేళ్ళు లేవు, మగ్గం తినేసిందట.
అయ్య పరిగెత్తలేదు, ఆ మోకాళ్ళు ఎప్పుడో పోయాయి.
గొడుగు మాత్రం ముందుకి చాపాడు
తను తడుస్తూ.

వాడు ఇంట్లోకి రాలేదు.
నేరుగా దొడ్డికి పోయి గడియ తీసి
కుడితి తొట్టి కడిగి
ఈనిన పంది పక్కన చతికిలబడ్డాడు.
"అయ్యా, ఆ పేరు నాకు మళ్ళీ కావాల."
"పారీలేదురా. రోజూ ప్రార్థనలో వాడతన్నాను.
అరిగిపోయుంటాది, సూసుకో."

ఆదివారం వంశధారలో నడుంలోతు బురదనీళ్ళలో
పాస్టరుగారు వాణ్ణి ముంచి లేపారు.
వాడు దగ్గుతుంటే అందరూ పాడారు.
విందుకి, నా మిషను విడిపించుకోడానికి
అట్టేపెట్టిన పందిని కోశారు.
నన్నెవరూ అడగలేదు.

నేను వీధిలోనే నిలబడ్డాను.
ఆ కథలో పెద్దకొడుకు చివరికి
లోపలికి వెళ్ళాడో లేదో ఎవరూ రాయలేదు.
పాస్టరుగారు కూడా సరిగ్గా అక్కడే
పుస్తకం మూసేస్తారు.

చీకటి పడ్డాక వాడే వచ్చాడు,
విస్తరాకు మూడు వేళ్ళ మీద మోసుకుంటూ.
"అప్పా, కూర సల్లారిపోతంది."
అందుకున్నాను.
పడిపోతుందని అందుకున్నాను, అంతే.

"దొడ్డి గడియ ఎవరేశారు?" అన్నాను.
ఎవరూ వెయ్యలేదు.
పిల్లలన్నీ వీధిలోకొచ్చేశాయి,
ఒకటి అప్పుడే గుడి మెట్లు ఎక్కుతోంది.
వాడు దూకాడు.
ఆకు గోడ మీద పెట్టి
నేనూ పరిగెత్తాను.