ఎవరూ లేరు గారు

హీయుమా దీవిలో ఇళ్ల వెచ్చదనం గురించి
మునిసిపాలిటీ అడిగితే ప్రశ్నలు కట్టింది నేనే.
ఒక జవాబులోని పేరు
తర్వాతి ప్రశ్నలోకి తనంతట తానే వెళ్లి కూర్చోవాలి:
"మార్గుస్ గారికి చలి ఎక్కువా?"
అచ్చం చుట్టం పలకరించినట్టు.

నాలుగువందల పన్నెండో మనిషి, సల్మే, కైనా నుంచి.
మీతో ఉండేది ఎవరు?
టైపు చేసింది: ఎవరూ లేరు.

నా ఫారం మర్యాద తప్పలేదు.
"ఎవరూ లేరు గారు ఏ గదిలో పడుకుంటారు?"

విసుక్కుని మూసేసి ఉంటుందనుకున్నాను.
లేదు.
కిటికీ వైపు గదిలో, అని రాసింది.

ఎవరూ లేరు గారికి చలి ఎక్కువా?
ఫిబ్రవరిలో. అందుకే అక్కడా పొయ్యి వెలిగిస్తాను.

ఎవరూ లేరు గారితో వారానికి ఎన్నిసార్లు భోంచేస్తారు?
ఏడు.

ఇంకేమైనా చెప్పాలా అన్నచోట,
మా ఇద్దరి గురించీ అడిగినందుకు సంతోషం.

సరిచేయడం ఎంతసేపు? ఒక్క లైను.
"లేరు" అంటే, దాటు.
కొట్టాను. చెరిపాను.
టార్టులో మంచు ట్రాక్టరు రెండోసారి వీధి ఊడ్చి పోయింది.

ఆవిడ వరసలో, ఇంట్లో మనుషులు ఎందరన్న గడిలో
రెండు అని వేశాను.
ఆడిట్ వాళ్లు అడిగితే
అప్పుడు చూద్దాం.