పుకుసా ఆకు

మే మొదటి వారం.
సారు నది ఒడ్డున ఇంకా మురికి మంచు పెళ్లలు.
రబ్బరు బూట్లు, ఛాతీ మీద పేరు చీటీలు,
తొమ్మిదిమందిమి హత్సుయే వెనక.
ఆమె నడుముకి ఇత్తడి గంట.
మేం వస్తున్నాం, కాస్త తప్పుకో అని
ఎలుగుబంటికి ముందే కబురు.

వాలు మీద చతికిలబడి
చెరో అరచేతిలో ఒక ఆకు పెట్టి చూపించింది.
రెండూ నున్నన, రెండూ కుందేలు చెవుల్లా.
"ఒకటి ఈ రాత్రికి కూర.
రెండోది ఆఖరి రాత్రికి కూర."
సపోరో కుర్రాడు ఫోను తీసి ఫొటో పట్టాడు.
ఫోను తేల్చుకోలేకపోయింది.

"నలపండి. వాసన చూడండి."

వెల్లుల్లి అడవిలో తప్పిపోయి
మొండికేసి పెరిగినంత ఘాటు.

ఆ ఘాటు నాకు కొత్త కాదు.
మూడో తరగతి, కిటికీ పక్క బెంచీ.
మంచు కరిగితే చాలు
ఆ పిల్ల ఊపిరి నిండా ఇదే.
మొదట ముక్కు మూసుకున్నది నేను.
తరవాత అందరూ.
కురాహషి మాస్టారు ఏమీ అనకుండా
వెళ్లి కిటికీ తెరిచేవారు.
ఒకరోజు ఆ పిల్ల అన్నం డబ్బా మూత తియ్యలేదు.
మర్నాడూ తియ్యలేదు.

"మా అమ్మమ్మ దీన్ని గుమ్మానికి కట్టేది,
రోగం వాసన చూసి వెనుదిరుగుతుందని.
పోట్లాడి విప్పించాను, పదేళ్లప్పుడు.
నలభై రెండేళ్లకి మళ్లీ నేర్చుకున్నా,
పక్కూరి ముసలామెకి కట్టెలు కొట్టిపెట్టి."
చెబుతూనే కత్తితో ఒక్క ఆకు కోసింది,
వేరు కదలకుండా, పక్క ఆకు వదిలేసి.
"అది ఎవరికి?" అన్నాడు కుర్రాడు.
"అడిగే నోరు లేనివాళ్లకి."

మధ్యాహ్నం సంచిలోంచి తురెప్ బిళ్ల తీసింది.
దుంప దంచి, పిప్పి పులియబెట్టి,
నడిమి చిల్లులోంచి తాడు గుచ్చి
పొయ్యి పైన ఆరేసింది.
రాయి అనుకున్నాను.
నానితే గంజి అయింది, కొంచెం పులుపు.
ఇంకాస్త అడగాలనిపించింది, అడగలేదు.

చివర్న అందరికీ తలా ఒక ఆకు.
నా దగ్గర ఆగి పేరు చీటీ చదివింది,
మూడక్షరాలకి పట్టాల్సిన దానికన్నా
ఎక్కువసేపు.
నేను చెప్పాలనుకున్నది
బూట్లలోకి జారిపోయింది.
ఆకు ఇస్తూ అంది:
"రెండు చేతులతో పట్టుకోండి."

పట్టుకున్నాను.
ముఖానికి దగ్గరగా, ఆమె చూస్తుండగా.

తిరుగు బస్సులో
నా పక్క సీటాయన
ఏమీ అనకుండా
లేచి కిటికీ తెరిచాడు.