సున్నా దగ్గర ముల్లు

కుయోపియోలో డిసెంబరు గురువారాలు
మూడింటికే చీకటిపడతాయి.
ఆ వేళకే హిల్కా వచ్చేది నా మాంసం కొట్టుకి.
"మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు, ఒక కిలో.
తెల్లగా ఉన్నదే ఇయ్యి."
ఆరేళ్లు ఇచ్చాను. ఎవరికని అడగలేదు.
కొట్టువాడికి అడగకపోవడం కూడా ఒక మర్యాదే.
కుక్కలకేమో అనుకున్నాను,
సబ్బు కాస్తుందేమో అనుకున్నాను.

మొన్న గురువారం రాలేదు. ఫోను చేసింది.
గుమ్మం ముందు మంచు మీద జారి
కుడి మణికట్టు విరిగిందట.
"కొవ్వు తెచ్చిపెట్టు.
ఒక గంట నీ చెయ్యి కూడా అరువియ్యి."

మైనస్ ఇరవై ఆరు.
దారిలో నా మీసం మీదే నా ఊపిరి గడ్డకట్టింది.
ఆమె వంటింట్లో మందపాటి గిన్నె,
చెమట పట్టిన కిటికీ అద్దాలు.
పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని
పడవ సరంగులా కుర్చీలోంచే కేకలు:
"సన్నగా కొయ్యి. ఇంకా సన్నగా.
ముప్పై ఏళ్లు కత్తి పట్టినవాడి పనేనా ఇది?
మంట తగ్గించు. కరగాలి గాని మరగకూడదు."

కరిగింది.
మొదట అంచుల్లో, మొండిగా,
తర్వాత ఒక్కసారిగా, ఇష్టపడినట్టు.
ఓట్లు పోశాను. పొద్దుతిరుగుడు గింజలు,
కచ్చాపచ్చాగా దంచిన వేరుశెనగ,
పిడికెడు రై రొట్టె పొడి.
తిప్పుతూ తిప్పుతూ ఉంటే
నా చెయ్యి దానంతటదే పై అరకేసి వెళ్లింది,
ఉప్పు డబ్బా కోసం.

"ఆగు!"

ఉప్పు తగలకుండా నా కొట్టు గడప దాటిన సాసేజి లేదు.
"అది వాటికి విషం" అంది మెల్లగా.
గాల్లో చెయ్యి అలాగే ఉండిపోయింది,
పరాయి ఇంట్లో పట్టుబడ్డ దొంగదిలా.

"ఎప్పట్నించి ఇదంతా?" అన్నాను, సిగ్గు కప్పుకోడానికి.
"నీ తక్కెడే కదా మొదలు. మరిచిపోయావా?"

గుర్తొచ్చింది.
ఒక జనవరి. కొట్టు కట్టేసే వేళ.
జేబురుమాలు విప్పి గాజుబల్ల మీద పెట్టింది:
నల్ల టోపీ, పసుపు పొట్ట, కొయ్యబారిన కాళ్లు.
"తూచు" అంది.
నవ్వాను. తూచాను.
మా నాన్న నాటి గుండ్రటి తక్కెడ,
ఎద్దు తొడలు మోసింది,
ముల్లు కదల్లేదు.
"సున్నా" అన్నాను.
"సరే" అంది, రుమాలు మడుచుకుని వెళ్లిపోయింది.

మా భాషలో ఆ పిట్ట పేరు తలితియైనెన్.
తలి అంటే కొవ్వు.
యాభై ఏళ్లుగా ఆ పేరు పిలుస్తున్నాను,
ముప్పై ఏళ్లుగా కొవ్వు అమ్ముతున్నాను,
రెండూ ఒక మాటేనని నా నాలుకకి తెలియదు.

పాల డబ్బాల్లో పోశాం,
పిడి విరిగిన కాఫీ కప్పుల్లో పోశాం,
ఒక ఎర్ర ఇసుక బకెట్లో కూడా.
ఏ పిల్లాడిదో. అది కూడా అడగలేదు.
ఒక్కోదాంట్లో ఒక బర్చ్ పుల్ల, నిలబడి తినడానికి.
బాల్కనీలో పెట్టి కాఫీ తాగేలోపు
రాయైపోయాయి.

మొదటి రోజు ఎవరూ రాలేదట.
రెండో రోజు నలుపూ తెలుపూ మాగ్‌పై ఒకటి వచ్చి
కప్పుతో సహా ఎత్తుకుపోయిందట.
హిల్కా దాన్ని ఫోనులో నాకు తిట్టి వినిపించింది,
తిడుతూ తిడుతూ నవ్వేసింది.
మూడో రోజు నేనే చేశాను.
"ఆరు... కాదు, ఎనిమిది.
ఫోను పెట్టెయ్యి, నా ఊపిరికి అద్దం మసకేస్తోంది."

పెట్టేశాను.
కొట్టు కట్టేసే వేళైంది.
పళ్లెం తుడిచాను.
జేబులో మిగిలిన వేరుశెనగ గింజలు
ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాను.
పది. ఇరవై. ముప్పై మూడు.
బయట లైటు కింద మంచు పడుతోంది.
నలభై ఒకటో గింజకి
ముల్లు వణికింది.