అడ్డగీత

కోస్గి బస్టాండు గోడకు ఆనుకొని నా దుకాణం.
జిరాక్సు, ఆన్‌లైన్, లామినేషను.
బోర్డు మీద రాయని పని ఇంకోటుంది:
అడిగినోళ్లకు అంకెలు ఎతికి పెట్టుడు.

బొంబాయి బస్సుకు ఇంకా గంటన్నర ఉందనంగ
చెన్నకేశులు కాక లోపలికొచ్చిండు,
గోనెల చుట్టిన గడ్డపార గోడకు నిలవెట్టి.
ఎనక బిడ్డ, ఏడో తరగతిది.

"మా గుండ్లమడుగుల ఎన్ని ఇండ్లోళ్లం వలసపోతమో
సర్కారు కాడ రాసుంటదంట గద.
ఆ కాయితం తెస్తె పిలగాండ్లకు బడిలనే
హాస్టలు పెట్టిస్తనంటుండు హెడ్మాస్టరు.
నోటిమాట చెల్లదంట."

మొదలు తెరుచుకున్న పేజీ తళతళ మెరిసింది.
మూడు సింహాలున్నయి. ఫోను నంబరడిగింది, ఓటీపీ అడిగింది.
"సింహాలను చూసి మోసపోవద్దు కాకా,
సంతల ఎద్దుకు సుడులు చూస్తం సూడు,
దీనికి తోక చూడాలె:
చిరునామా చివర జీఓవీ, చుక్క, ఐఎన్."

రెండోదానికి తోక మంచిగనే ఉంది.
ఏ ఏడుదో లేదు. లెక్కవెట్టింది ఎవరో లేదు.
తండ్రిపేరు లేని దరఖాస్తును
తహసీలు ఆఫీసుల వాపసు కొడ్తరు గద,
నేను గూడ కొట్టిన.

మూడోది పాత నివేదిక, రెండువందల పద్నాలుగో పేజీ.
అడ్డంగ స్కాను చేసి పడేసిన్రు.
మెడలు వంచి ముగ్గురం చదివినం.
గుండ్లమడుగు. బోర్లు ఇరవై మూడు.
మేకలు తొమ్మిదివందల నాలుగు.
వలస గడిల మాత్రం
ఒక అడ్డగీత.

"అంటె సున్ననా?"
సున్న గాదు.
"తెల్వదనా?"
అట్ల గూడ రాయలే.

ఆ గీతను కాక గోటితో గీకిండు,
తెర మీది మురికనుకున్నడో ఏమో.
"మేకలను ఒక్కొక్కటి లెక్కవెట్టిన్రు" అన్నడు,
కోపం లేకుండ.

గీత పక్కన చుక్కగుర్తుంది, చీమ తలకాయంత.
పిల్ల చూసింది దాన్ని, మేం చూడలే.
పేజీ అడుగుకు దిగితే సన్నటి అక్షరాలు:
సర్వే నాడు తాళమేసి ఉన్న ఇండ్లు, అరవై ఒకటి.

మనుషులను రాయలేనోళ్లు తాళాలను రాసిన్రు.
ఎవరో ఎండల నడిచి, తలుపు కొట్టి,
ఎవరూ పలకకపోతె ఉత్తచేతుల మర్లిపోకుండ
ఒక్కో తాళాన్ని లెక్కగట్టిన్రు.
ఎవరైతేంది, వాళ్ల కడుపు సల్లగుండ.

"అండ్ల మాది ఉంటదా?"
అంకెలకు ఇంటిపేర్లుండయి కాకా.
ఆయన మొలతాడు తడుముకున్నడు.
తాళంచెవి చేతికి తగిలింది.
"ఉంటది" అన్నడు.

ప్రింటు తీసిన.
పేజీ నంబరు, ఇయ్యాల్టి తేదీ, దొరికిన చిరునామా
అంచుల నా చేతిరాతతో రాసిన.
రేపు ఎవలైన ఎక్కడిదంటె తోవ చూపియ్యాలె గద.
ఐదు రూపాయలిచ్చిండు, తీసుకున్న.
ఉత్తగిస్తె కాయితం ఉత్తదనుకుంటరు.

బస్సు గడ్డపారను, కాకను ఎక్కించుకొని పోయింది.
పిల్ల ఊరి జీపు కోసం నిలబడి
కాయితాన్ని అడ్డంగ తిప్పి, నిలువుగ తిప్పి చదువుతుంది.

ఆ పేజీ రేపటికి ఉంటదో ఉండదో.
ఒక నకలు దాచుకున్న.
పేరేం పెట్టాలె అని కంప్యూటరడిగింది.
అరవై ఒకటి, అని కొట్టిన.