పన్ను

ఇరవై రెండేళ్ళు పన్ను వసూలు చేశాను
మల్కాజిగిరిలో, ఇంటింటికీ తిరిగి.
కుక్కలున్న గేట్లు, సారు లేడని తనే చెప్పే సార్లు,
"రోడ్డెయ్యరు గనీ పన్నేంది మేడమ్" అనే ఒక ముసలాయన.
ఆయన మాటే తగిలింది.
సఫిల్‌గూడ మలుపులో, వాన నీళ్ళ కింద నక్కిన గుంతలో
నా స్కూటీ ముందు చక్రం దిగి
పై వరసలో నాలుగు పళ్ళు ఆ రోడ్డుకే కట్టాను.
రసీదు ఇవ్వలేదు.

ముందు పోయింది తిండి కాదు, అక్షరాలు.
దంత్యాలని బళ్ళో మార్కుల కోసం బట్టీపట్టాను.
అవి నిజంగానే పళ్ళలో కాపురముంటాయని
యాభై ఒకటో ఏట తెలిసింది.
త, ద గాలికి పోయాయి. స ఈల వేస్తోంది.
జడ వేసుకోగలను, అనలేను.
"రెండు సంవత్సరాల బకాయి సార్" అంటే
తలుపు చాటున పిల్లలు కిసుక్కుమన్నారు.
అప్పట్నుంచీ బిల్లు మీద వేలుపెట్టి
వాళ్ళచేతే చదివిస్తున్నాను.
నాలుక మాత్రం రోజూ ఆ ఖాళీ దాకా వెళ్ళి వస్తుంది,
తాళమేసిన ఇంటికి నేను వెళ్ళినట్టు.

హిమాయత్‌నగర్ డాక్టరమ్మ ఎక్స్‌రేని లైటుకు పెట్టి
నా దవడని ఓపెన్ ప్లాటులా చూపించింది.
"ఎముకలో మర దింపాలి. నాలుగు నెలలు ఆగాలి.
ఎముక ఒప్పుకుంటేనే పైన పన్ను."
రెండు లక్షల ఎనభై వేలు.
ఆఫీసులో ఉపేందర్ విని,
"బ్యాంకాక్ పోరాదక్కా! మా సడ్డకుడు పోయొచ్చిండు.
టికెట్టు, హోటలు, పండ్లు, పులుల పార్కు,
అన్నీ గలిపి మూడు లచ్చల లోపే" అన్నాడు.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ
పెట్టించుకోవాలంటే
ఇన్ని రాళ్ళు ఏరుకోవాలని ఎవరూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే నన్ను లాగింది ఆ లెక్క కాదు.
అక్కడ నన్నెవరూ ఎరగరు.
నా నోట్లో తెలుగు సగమే మిగిలిందని
అక్కడ ఎవరికీ తెలిసే దారి లేదు.
పదిరోజులు సెలవు పెట్టి మాయమై,
మళ్ళీ పదిరోజులు మాయమై,
ఒక సోమవారం నిండు నోటితో వచ్చి
ఉపేందర్‌ని పేరుపెట్టి పిలవొచ్చు, ద తో సహా.

రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు
పక్క కుర్చీలో మస్కట్ నుంచి వచ్చినావిడ.
ఆవిడ నల్లటి అంచుతో, నేను చున్నీతో
నోళ్ళు కప్పుకునే మాట్లాడుకున్నాం, వచ్చీరాని హిందీలో.
హైదరాబాదుకి ఇది మూడోసారట.
మొదటిసారి ఇంటికి చేరిన వారానికే ఒక మర కదిలిందట.
ఫోన్ చేస్తే ఫొటో పంపమన్నారట.
అర్ధరాత్రి, అద్దం ముందు,
ఒక చేత్తో పెదవి ఎత్తి, ఒక చేత్తో ఫోన్ పట్టి,
నొప్పిని ఫొటో తీయడం రాలేదంది.
మరి అంత దూరం నుంచి ఎందుకూ అన్నాను.
"ఇక్కడ నన్నెవరూ ఎరగరు" అంది.
కింద నేను షేర్ ఆటో ఎక్కే చౌరస్తాలో
మిర్చీ బజ్జీల వాసన.

పాస్‌పోర్టుకి దరఖాస్తు పెడితే పోయేదేముంది అనుకుని
ఆనంద్‌బాగ్ స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నాను.
"నవ్వొద్దు మేడమ్. నోరు మూస్కోండి.
పండ్లు అస్సలు కనబడొద్దు."
ఇన్నేళ్ళ సర్కారు నౌకరీలో
నాకు కలిసొచ్చిన రూలు ఇదొక్కటే.
ఎనిమిది ఫొటోలు, ఎనిమిది మూసిన నోళ్ళు,
బకాయిల లిస్టు పక్కన సంచీలో పెట్టుకున్నాను.

తిరిగొస్తుంటే ఆ మలుపులో గుంత పూడ్చి ఉంది.
ఉత్త కంకర. ఇంకా అతుక్కోలేదు,
చక్రం కింద కదులుతోంది.
బండి పక్కకి ఆపి
ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని
చుక్క, అన్నాను.
వచ్చినంత వచ్చింది.