పసుపు మరక

తెల్లారి నాలుగింటికి బ్లాక్‌టౌన్‌లో బయల్దేరాను
ఏసీ చచ్చిన కరోలాలో.
పక్క సీట్లో ఒక పెట్టె మామిడిపళ్లు, పద్నాలుగు.
సీటుబెల్టు పెట్టాల్సి వచ్చింది,
లేకపోతే కారు కీచుమని ఒకటే గోల
ఎవరో మనిషి కూర్చున్నారనుకుని.

షమీమ్ అడిలైడ్ వెళ్లి రెండేళ్లు.
కారణం చెబితే నవ్వుతారు:
హారిస్ పార్క్ అద్దె ఇంట్లో, కార్పెట్ మీద
అరచేయంత పసుపు మరక.
ఖాళీ చేసిన రోజు ఏజెంటు మోకాళ్ల మీద కూర్చుని
దాన్ని మూడు వైపుల నుంచి ఫోటో తీసుకుని
డిపాజిట్‌లో రెండొందల నలభై డాలర్లు కోసేశాడు.
ఆరేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లం,
ఒకరి నైట్ డ్యూటీకి ఒకరు టిఫిన్ కట్టినవాళ్లం,
ఎవరి గరిటె ఎటు ఒలికిందో ఎవరికి గుర్తుంటుంది?
అయినా పోట్లాడుకున్నాం, సాక్షులున్నట్టు.

పోయిన వారం ఒక్క మెసేజ్:
"ఎండలెట్లున్నాయి ఆడ?"
జవాబు రాయలేదు.
వెళ్లి పళ్లు కొన్నాను.

గండగాయ్ దాటాక కొండలు అయిపోయాయి.
నారండేరా దాటాక చెట్లు అయిపోయాయి.
హే మైదానంలో అయిపోవడానికి ఇంకేమీ మిగల్లేదు,
రోడ్డూ నేనూ
నలభై నాలుగు డిగ్రీలూ.
దూరాన నీళ్లు మెరుస్తాయి, దగ్గరికెళితే తారు.
చచ్చిన కంగారూ మీద కూర్చున్న గద్ద
నా కోసం లేవలేదు, నేనే పక్కకు తిప్పాను.
ఏం మాట్లాడాలో బిగ్గరగా సాధన చేశాను:
"పోనీలే" అని మొదలెట్టనా,
"ఆ మరక నాదే కావచ్చు" అననా.
"కావచ్చు" దగ్గర ప్రతిసారీ
ఎదురుగా ఏదో ఒక లారీ వచ్చింది.

రాత్రి బల్రానాల్డ్ మోటెల్‌లో
పెట్టెను గదిలోకి తెచ్చుకున్నాను.
తెల్లారేసరికి దిండు కూడా పండిన వాసన.

మిల్డూరా దాటి ఇంకాస్త పోతే దక్షిణ ఆస్ట్రేలియా.
ఫోన్‌లో గడియారం దానంతటదే
అరగంట వెనక్కి జరిగింది.
అరగంటేం చేసుకోను, రెండేళ్లయితే చెప్పు.

యాంబా దగ్గర చెక్‌పోస్టు.
పండుఈగ వస్తుందని పళ్లు లోపలికి రానివ్వరట.
టోపీ పిల్ల పెట్టెలోకి చూసి
నిజంగానే బాధపడింది:
"తినగలిగినన్ని ఇక్కడే తినేయండి.
మిగతావి ఆ డబ్బాలో."

కారు తలుపు తెరిచి, కాళ్లు బయటపెట్టి తిన్నాను.
కత్తి లేదు. పిసికి, మొన కొరికి,
మోచేతుల దాకా కార్చుకుంటూ.
బనగానపల్లె పక్క ఊరిది షమీమ్.
ఇక్కడి మామిడిని
"పండు కాదు మే, పండుకి సవతి తమ్ముడు" అనేది.
అని, టెంక తెల్లబడేదాకా చీకేది.
ఒకటి నా కోసం తిన్నాను. ఒకటి ఆమె కోసం.
మూడోది ఎవరి కోసమో తెలీకుండా.
నాలుగోది సగంలో జారి సీటు మీద పడింది.
పది పళ్లు డబ్బాలో వేస్తుంటే
ఒక్కోటీ ఒక్కో చప్పుడు చేసింది.

సాల్స్‌బరీ చేరేసరికి మూడు.
నిమ్మచెట్టుకి గొట్టంతో నీళ్లు పెడుతోంది,
యూనిఫాం మీద ఐడీ కార్డు ఇంకా తీయలేదు.
నన్ను చూసినా గొట్టం వదల్లేదు.
"ఉత్త చేతుల్తో వచ్చినావా?"
చేతులు చాపాను.
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది,
అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి.
గొట్టం నా చేతుల మీదికి తిప్పింది.
నీళ్లు ఎండకి కాగి ఉన్నాయి, అమ్మో అన్నాను.
సాధన చేసిన మాటల్లో అది లేదు.

బ్యాగు దించడానికి కారు తలుపు తీసి
సీటు వైపు చాలాసేపు చూసింది.
అరచేయంత, పచ్చగా, జిగటగా,
ఒక ఈగ వాలి.

"ఇది మాత్రం నేను కాదు మే" అంది.